సామాన్ల దగ్గర ఎవరుంటారు?

ఇంటిల్లిపాదీ ఎక్కడికి బయల్దేరినా అందులో ఒకరు సామాన్ల దగ్గర ఉండిపోతారు. యాదగిరిగుట్టలో చెప్పుల దగ్గర, వైజాగ్ బీచ్‌లో ఫోన్లూ వాచీల దగ్గర, ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ కింద అందరి కళ్ళజోళ్ళూ చున్నీలూ ఒళ్ళో పెట్టుకుని. ఆ ఒకరు ఎవరన్నది ఎవరూ కూర్చుని తేల్చరు. అదేదో ముందే రాసిపెట్టి ఉన్నట్టు జరిగిపోతుంది. మా ఇంట్లో ఇరవై మూడేళ్ళుగా ఆ మనిషిని నేను. నాకంటే ముందు మా అమ్మ. ఇందులో నాకు పెద్ద బాధ కూడా ఉండేది కాదు, నిజం చెప్తున్నా. కూర్చోవడానికి చోటు, పక్కన నాలాగే ఇంకొకరి సంచులు కాస్తున్న ఆవిడతో కబుర్లు. నిరుడు జూన్‌లో జమైకాలో ఒక గుర్రపుశాల ముందు నా లెక్క తప్పింది. ఆ సంగతే ఈసారి రాస్తున్నాను.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. ఎన్నాళ్ళ నుంచో రమ్మంటుంటే మా అమ్మాయి ఇంటర్ అయిపోయాక అమ్మతో సహా నలుగురం వెళ్ళాం. అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింటికీ తెలిసిన సంగతే, నయాగరా, న్యూయార్క్ తరవాత ఇప్పుడు క్రూజ్ ఒకటి తప్పనిసరి అయింది. టెక్సస్ వాళ్ళకి గాల్వెస్టన్ రేవు దగ్గర. అక్కణ్ణించి వారం రోజుల ఓడ: రెండు రోజులు ఒట్టి సముద్రం, ఆ తరవాత జమైకాలో ఫాల్మౌత్, గ్రాండ్ కేమన్, మెక్సికోలో కోజుమెల్, మళ్ళీ వెనక్కి. రేవులో ఓడ పొద్దున ఆగుతుంది, సాయంత్రం కదులుతుంది. ఆ ఏడెనిమిది గంటల్లో ఊరు చూసి రావాలి. ఓడవాళ్ళ దగ్గరే టికెట్ కొనుక్కుంటే ఆలస్యమైనా మన కోసం ఆగుతారు. సొంతంగా పోతే ఆగరు. అందుకని చెల్లెలు అన్నీ రెండు నెలల ముందే ఓడవాళ్ళ దగ్గరే కొనిపెట్టేసింది.

ఫాల్మౌత్‌లో కొన్నది గుర్రపు స్వారీ. పాత చెరకు తోటల మధ్య నుంచి గుర్రాల మీద సముద్రం దాకా వెళ్ళి, అక్కడ జీన్లు తీసేసి, గుర్రం మీదే నీళ్ళలోకి దిగడం. మనిషికి వంద డాలర్ల పైమాటే. ఐదు టికెట్లు కొంది: వాళ్ళిద్దరికీ, వాళ్ళబ్బాయికి, మా ఆయనకి, మా అమ్మాయికి. మేం మొత్తం ఏడుగురం.

"మీ ఇద్దరూ అక్కడే షెడ్డులో కూర్చోవచ్చక్కా, ఫ్యాన్లున్నాయట. నీకు నడుము నొప్పి, అమ్మకేమో భయం" అంది. నేను సరే అన్నాను. అమ్మకి భయమా అని చెల్లెల్ని నేనూ అడగలేదు, అమ్మని అసలే అడగలేదు.

సముద్రం మీద ఆ రెండు రోజులూ చేసే పనేం లేదు. తినడం, డెక్కు మీద కూర్చోవడం. బి.ఏ. తెలుగు చదివిన బుర్ర, ఊరికే ఉండదు. గుర్రాలకీ ఓడలకీ మనకి పాత చుట్టరికమే కదా అనుకుంటూ కూర్చున్నాను. ఆముక్తమాల్యదలో రాయలవారు రాజనీతి చెబుతూ రేవుల్ని బాగా చూసుకోవాలంటారు, గుర్రాలూ ఏనుగులూ రత్నాలూ వాటిగుండా దిగుమతి కావాలి గనక. మన దేశంలో మంచి యుద్ధపు గుర్రాలు పుట్టేవి కావు, అరబ్బు దేశాల నుంచీ పారశీకం నుంచీ ఓడల్లో రావాలి. విజయనగరానికి వచ్చిన న్యూనిజ్ అనే పోర్చుగీసు ఆయన, స్వయంగా గుర్రాల వర్తకుడే, ఒక ముచ్చట రాశాడు. సాళువ నరసింహరాయలు గుర్రాల్ని బతికున్నా చచ్చినా కొనేవాడట. దారిలో చనిపోయినవాటి తోక తెచ్చి చూపిస్తే చాలు, డబ్బు ఇచ్చేసేవాడట. ఒకప్పుడు గుర్రాలు ఓడెక్కి మన దగ్గరికొచ్చేవి, ఇప్పుడు మేం ఓడెక్కి గుర్రం దగ్గరికి పోతున్నాం. ఇది మా ఆయనతో చెబితే, "తోకకి కూడా డబ్బిచ్చాడా, జీఎస్టీ ఎంతో" అన్నాడు. ఆయనతో సాహిత్యం ఇలాగే ఉంటుంది.

ఫాల్మౌత్ 1769లో కట్టిన ఊరు. చెరకు తోటల బెల్లమూ, సారాయీ అక్కణ్ణించే ఓడలెక్కేవి. ఆ తోటల్లో పని చేసింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళు. బానిసత్వం పోయాక కూలీల కోసం మన దేశం మీద పడ్డారు. 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ మొదటి విడత భారతీయుల్ని జమైకాలో దించింది. మన తెలుగువాళ్ళు మారిషస్‌కీ, ఫిజీకీ, నాటాల్‌కీ పోయిన కథలాంటిదే. ఓడ దిగి బస్సెక్కాక గైడు ఇదంతా రెండు ముక్కల్లో చెప్పి, కుడివైపు పాత తోట బంగళా చూడమంది. అందరూ ఫోన్లు పైకెత్తారు.

గుర్రపుశాలలో ముందు కాగితాలు. ఏం జరిగినా మాది పూచీ కాదు అని సంతకం. ఆ తరవాత తూకం. రెండు వందల ముప్పై పౌండ్ల పైన ఉంటే ఎక్కనివ్వరు, అంటే నూట నాలుగు కిలోలు. నేను డెబ్భై ఎనిమిది, అయినా ఆ త్రాసు చూస్తే ఎందుకో పక్కకి జరగాలనిపించింది. నేను ఎక్కడం లేదు గనక జరిగిపోయాను. బల్ల మీద ఐదుగురి సంచులు, ఫోన్లు, టోపీలు, చెల్లెలి చెవి కమ్మలు. పాత ఉద్యోగంలో చేరిపోయాను.

తల తిప్పి చూస్తే అమ్మ లేదు.

అమ్మ కట్టుగొయ్యల దగ్గరుంది. అరవై ఆరేళ్ళ మనిషి, వెంకటగిరి చీర, కింద చెల్లెలు కొనిచ్చిన స్పోర్ట్స్ బూట్లు. ఒక ఎర్రగుర్రం పక్కన నిలబడి ఉంది. ఎదురుగా కాదు, వెనకా కాదు, భుజం పక్కన. అరచెయ్యి దాని మెడ మీద వేసి, జూలు కింద నెమ్మదిగా రాస్తూ నోట్లో ఏదో శబ్దం చేస్తోంది, ట్చ్ ట్చ్ అని. ఆ గుర్రం తల దించి అమ్మ భుజానికి ఆనించింది. మా చెల్లెలి కొడుకు అటు పరిగెత్తబోతే అమ్మ తల తిప్పకుండానే అంది, "ఎనకకెల్లి రావద్దు బిడ్డా, తంతది. నిమ్మళంగ ఈ పక్కకెల్లి రా."

వాడికి తెలుగు సగమే వచ్చు. కానీ ఆగిపోయాడు.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ వాళ్ళ నాన్న, మా తాతయ్య, జట్కా తోలేవాడు. మేడ్చల్ స్టేషన్లో మీటర్ గేజ్ రైలు దిగినవాళ్ళని చుట్టుపక్కల ఊళ్ళకి చేర్చేవాడు. ఆటోలు వచ్చేదాకా అదే వాళ్ళ తిండి. ఈ మాట నేను నా అత్తగారింట్లో ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళిచూపుల నాడు మా నాన్న "వాళ్ళది వ్యవసాయం" అన్నాడు, నేనూ అదే కొనసాగించాను. మేడ్చల్ చుట్టూ ప్లాట్ల ధరలు పెరిగాక వ్యవసాయం అంటే ఇంకా గౌరవం కదా. మా అత్వెల్లి ఇంటి గడపకి కొట్టిన గుర్రపు నాడా తాతయ్య గుర్రం మోతీది. దిష్టికి చార్మినార్ దగ్గర కొన్నదని మా అత్తగారి నమ్మకం. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు, దానికీ తెలీదు.

అమ్మకి అదంతా తెలుసు. మేం చెప్పుకోని చోట తనూ నోరు మెదపదు.

ఆ పూట మెదిపింది. మా అమ్మాయిని పిలిచి, ఆ గుర్రాల అబ్బాయిని అడగమంది, "పొద్దుగాల్నుంచి దీన్ని ఎన్ని మార్లు తిప్పిండ్రు?" మా అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. అతనికి ఇరవై రెండేళ్ళుంటాయి, పొడుగ్గా ఉన్నాడు. రెండోసారి ఇది అన్నాడు. అమ్మ ఊఁ అని, వంగి, గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ దగ్గర వేలు పెట్టి చూపించింది. వెంట్రుకలు ఊడి, తోలు కందిపోయి ఉంది, రూపాయి బిళ్ళంత. పుండు కాదు, అవ్వబోయేది. "ఇయ్యాల దీన్ని ఇడిసిపెట్టమను. పట్టీ ఒరుసుకుంటది. ఉప్పు నీళ్ళల్ల దిగితే మండుతది." ఆ అబ్బాయి కూడా వంగి చూశాడు. అమ్మ వంక ఒకసారి చూశాడు. ఏమీ వాదించకుండా ఆ గుర్రం పట్టీ విప్పి, నీడలోకి తీసుకుపోయి, ఇంకోదాన్ని తెచ్చాడు. పోతూ దాని పేరేంటో చెప్పాడు. షుగర్.

"పేరు షుగరా?" అంది అమ్మ. "నాకున్నది సాలదా, దానిక్కూడనా."

అక్కడున్న యాభై అరవై మందిలో, గుర్రం ఎలా ఉందని అడిగిన మనిషి తను ఒక్కతే. మిగతా మేమంతా మా బరువు చూసుకున్నాం, మా సంతకాలు పెట్టుకున్నాం, మా ఇన్సూరెన్సు చూసుకున్నాం. ఆవిణ్ణి ఫ్యాన్ కింద కూర్చోమన్నాం, భయపడుతుందని.

మా అమ్మాయి అడగనే అడిగింది, "అమ్మమ్మా, నీకెట్లా తెలుసు ఇదంతా?" అమ్మ నా వైపు చూసింది. చెప్పనా అని అడిగినట్టు. ఆ చూపు నాకు ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. తన సొంత తండ్రి సంగతి చెప్పుకోవడానికి ఆవిడ నా పర్మిషన్ కోసం చూసింది. నేనే చెప్పాను, మా ఆయన ముందు, మరిది ముందు. తాతయ్య జట్కా తోలేవాడు, అమ్మ చిన్నప్పుడు గడ్డి కోసేది, ఉలవలు నానబెట్టేది. ఎవరూ ఏమీ అనలేదు. మా ఆయన "ఓహో, ఆ నాడా అదా" అన్నాడు, అంతే. ఇరవై మూడేళ్ళు మోసిన మూట విప్పితే అందులో ఏమీ లేదు.

అప్పుడు మా మరిది, "అత్తయ్యా, నా టికెట్ మీద మీరు ఎక్కండి, మాట్లాడతాను" అన్నాడు. మంచి మనసే. చెల్లెలు కూడా కళ్ళు తుడుచుకుంటూ ఎక్కమ్మా ఎక్కు అంది. సినిమాలో అయితే అమ్మ ఎక్కేసేది, సముద్రం మీద సూర్యుడు, వెనక పాట.

అమ్మ ఎక్కనంది.

"మా నాయిన గుర్రాన్ని తోలిండు గని ఒక్కనాడు ఎక్కలే. గుర్రమెక్కేటోళ్ళు దొరలు. మేం ఎక్కితే ఊకునేటోళ్ళా? తరవాత దొరలు పొయ్యిండ్రు, మోతీ ముసల్ది అయ్యింది. దాని మీద ఎక్కబుద్ధి కాలే. ఇప్పుడు నాకెందుకు? మోకాళ్ళు సహకరించయి." కాసేపు ఆగి, "భయం అని మాత్రం ఎవ్వలకు చెప్పకుండ్రి" అంది.

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చివరి మాట. తను ఎక్కనని చెప్పడానికి అమ్మ దగ్గర యాభై ఏళ్ళ చరిత్ర ఉంది, మోకాళ్ళున్నాయి, చనిపోయిన ఒక గుర్రం మీద ప్రేమ ఉంది. మేం వాటన్నిటి బదులు ఒక్క ముక్క అతికించాం, భయం అని. ఫలితం ఒకటే కదా, ఎలాగూ ఎక్కలేదు కదా అంటారేమో. మా ఆయనా అదే అన్నాడు. కాదండీ. అడిగితే వద్దన్న మనిషి వేరు, అడక్కుండా మనం వద్దనేసిన మనిషి వేరు. మొదటి మనిషి తన మాట తను చెప్పుకుంది. రెండో మనిషికి మాటే లేదు.

చెల్లెలి తప్పు మాత్రమే అనను. అమెరికాలో పెద్దవాళ్ళు కాలు జారితే ఎంతవుతుందో అక్కడున్నవాళ్ళకి తెలుసు. విజిటర్ ఇన్సూరెన్సు ఉన్నా ఏది ఇస్తారో ఏది ఇవ్వరో తేలేసరికి ప్రాణం పోతుంది. తల్లిని దేశం దాటించి తెచ్చిన పిల్ల, ఆవిణ్ణి క్షేమంగా వెనక్కి పంపేదాకా నిద్రపోదు. ఆ ఆదుర్దా నాకు అర్థమవుతుంది. నేనూ ఇంట్లో అదే చేస్తాను. మా అత్తగారికి కారం పడదని కూర చప్పగా పెడతాను, ఆవిడకి పడదో నాకు పడదో. మా అమ్మాయికి హాస్టల్ నప్పదని నేనే తేల్చేశాను. మీరూ ఒక్కసారి లెక్కేసుకోండి, ఇంట్లో ఎవరి గురించి ఎన్ని "ఆవిడకి పడదు", "ఆయనకి నచ్చదు", "దానికి రాదు" అన్నవి వాడుతున్నామో, వాటిలో ఎన్ని ఆ మనిషిని అడిగి తెలుసుకున్నవో. చాలావాటికి పదేళ్ళు నిండి ఉంటాయి. మనుషులు మారినా మనం ఆ మాట మార్చం.

ఇంకో సంగతి. అమ్మ వద్దనగానే ఆ టికెట్ మళ్ళీ మా మరిదికే పోబోయింది. సహజంగా, ఎవరూ ఏమీ అనుకోకుండా. అప్పుడు అమ్మే అంది, "పెద్దదాన్ని ఎక్కమను. సామాన్లు నేను సూస్త." నా నడుము నొప్పి గురించి నేనే ఏదో అనబోయాను. నాకు నడుము నొప్పి వచ్చింది 2019లో, తగ్గిపోయి నాలుగేళ్ళయింది. అది తగ్గిందని నేనూ ఇంట్లో ఎవరికీ గట్టిగా చెప్పలేదు. కొన్ని పనులు తప్పించుకోవడానికి అదీ పనికొస్తోంది మరి. అడగనివాళ్ళదే కాదు తప్పు, చెప్పనివాళ్ళదీ కొంత ఉంది.

త్రాసెక్కాను. ఎడమ పక్క నుంచి ఎక్కాలన్నారు, మెట్ల బల్ల వేశారు. అమ్మ కింద నుంచి, "పగ్గం గుంజకు. నోట్ల ఇనుము ఉంటది దానికి, నొస్తది. మోకాళ్ళతోని పట్టు" అంది. ఆ తరవాత గంటన్నర గురించి గొప్పగా రాయలేను. మొదటి అరగంట నేను చూసిందల్లా గుర్రం రెండు చెవులే. సముద్రం దగ్గర జీన్లు తీసి మెత్తటి గుడ్డ కట్టి మళ్ళీ ఎక్కించారు. నీళ్ళు మోకాళ్ళు దాటి, తొడలు దాటి, ఒక్క క్షణంలో కింద అడుగుల చప్పుడు ఆగిపోయింది. గిట్టలు నేల వదిలేశాయి. గుర్రం ముక్కుపుటాలు పెద్దవి చేసుకుని బుసబుసా ఈదుతోంది, దాని వీపు నా కింద పెద్ద కండలా మెదులుతోంది. నేను గట్టిగా అరిచాను. భయంతోనో దేనితోనో, ఇప్పుడడిగినా తేల్చలేను. మా అమ్మాయి నవ్వుతూ వెనక్కి తిరిగి చూసింది. అది నన్ను అలా చూడ్డం అదే మొదటిసారి అనుకుంటా.

వెనక్కి వచ్చేసరికి అమ్మ బల్ల దగ్గర లేదు. సంచులన్నీ ఒక్క కుప్పగా పెట్టి, పక్కనున్న ఒక అమెరికన్ ముసలాయనకి సైగలతో అప్పజెప్పి, నీడలో షుగర్ దగ్గర నిలబడి ఉంది. ఆ అబ్బాయి పచ్చగడ్డి తెచ్చి ఇస్తుంటే తను తినిపిస్తోంది. ఒకరి భాష ఒకరికి రాదు. అతను ఏదో చెబుతున్నాడు, అమ్మ ఊఁ కొడుతోంది.

మేడ్చల్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్ళ ముందు పెళ్ళి బారాత్ గుర్రం కనపడితే అమ్మ ఆగి చూస్తుంది ఎప్పుడూ. పెళ్ళికొడుకుని చూస్తోందనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. తిరిగొచ్చాక నవంబరులో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు గమనించాను. అమ్మ చూపు గుర్రం కాళ్ళ మీద ఉంది. డీజే చప్పుడుకి అది ఎలా నిలబడుతోందో చూస్తోంది.

ఆ పెళ్ళికి కొద్ది రోజుల ముందే, అక్టోబరు 28న, మెలిస్సా తుఫాను జమైకా పడమటి వైపు తీరాన్ని తాకింది. ఐదో కేటగిరీ, గంటకు 290 కిలోమీటర్లకు పైగా గాలి. టీవీలో కప్పులు లేని ఇళ్ళు చూపిస్తుంటే అమ్మ చేతిలో చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి. "ఆ గుర్రాలను కట్టేసి ఉంచిండ్రా, ఇడిసిపెట్టిండ్రా? అడుగు." తెలుసుకుని ఏం చేస్తావమ్మా అనబోయి ఆపుకున్నాను. చెల్లెలికి ఫోన్ చేశాను. అది ఆ శాల వాళ్ళకి మెయిల్ పెట్టింది. మూడు వారాలకి జవాబొచ్చింది. ముందు రోజే కట్లు విప్పి మెట్ట వైపు తోలారట. షెడ్డు పోయింది. గుర్రాలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. షుగర్ ఉంది.

చదివి వినిపించాను. అమ్మ తల ఊపి, కాసేపయ్యాక అంది, "గిట్టలు సూసుకొమ్మని రాయమను. రేకులు లేసిపోతే మేకులు నేల నిండ ఉంటయి."